ఎదురు డబ్బిచ్చి ఖద్దామా పని

అమలాపురానికి రైలు ఇంకా రాలేదు గానీ, అరబ్బీ వచ్చి నలభై ఏళ్ళు దాటింది. కోటిపల్లి–నరసాపురం లైను సంగతి బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్న రోజుల నుంచీ వింటున్నాం. గోదావరి పాయల్లో స్తంభాలు లేచాయి, వాటి మీద కొంగలు కాపురం పెట్టాయి. ఈలోగా రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు వైపు ఆడవాళ్ళు రైలు కోసం ఆగకుండా విమానం ఎక్కేసి కువైట్, మస్కట్, దోహా వెళ్ళిపోయారు. అక్కడి వంటిళ్ళలో అరబ్బీ నేర్చేసుకున్నారు. తిరిగొచ్చి, తాటాకిల్లు ఉన్నచోట స్లాబు పోసి, ఆ స్లాబు మీద కొబ్బరి ఎండబెట్టుకుంటున్నారు. మా వీధిలో కోళ్ళని "బర్రా, బర్రా" అని తోలే ఇళ్ళు రెండున్నాయి. బయటికి పొమ్మని అరబ్బీలో చెప్పడం అది. కోళ్ళు పోతాయి కూడా.

అందుచేత 2023 శ్రావణ మాసంలో మా మేనల్లుడు వచ్చి "అరబ్బీ నేర్చుకోవడానికి పాలస్తీనా వెళ్తున్నా మావయ్యా" అన్నప్పుడు ఇంట్లో ఎవరూ అరబ్బీకి కంగారు పడలేదు. పాలస్తీనాకీ పడలేదు. ఆదివారం పొద్దున్నే మా పేట చర్చి మైకులోంచి వినపడే ఊళ్ళలో సగం అక్కడివే. బేత్లెహేము, హెబ్రోను, యెరికో, షెకెము, బేతేలు. పక్క మండలంలో ఏ ఊళ్ళున్నాయో చెప్పలేని పిల్లలు కూడా ఇవి గడగడా అప్పజెప్పేస్తారు.

కంగారు ఆ తరవాతి మాటకి వచ్చింది.

"మూడు నెలలు ఉంటాను. అక్కడ ఒక కుటుంబంతో, వాళ్ళింట్లోనే. వాళ్ళు తిన్నదే తింటాను. పొద్దున్న అరబ్బీ క్లాసు, మధ్యాహ్నం పిల్లలకి ఇంగ్లీషు చెప్పడం, అక్టోబరు వచ్చాక ఆలివ్ కోత. అంతా వాలంటీర్‌గా."

"జీతమెంత?" అన్నాడు మా బావ.

"జీతం ఉండదు నాన్నా. ఇంటికీ భోజనానికీ క్లాసుకీ మనమే కట్టాలి."

మా బావది కొబ్బరి వ్యాపారం. అంబాజీపేటలో వెయ్యి కాయల ధర కాస్త దిగితే ఆ పూట మజ్జిగతో సరిపెట్టుకునే మనిషి. కుర్చీలోంచి లేచి, కండువా దులిపి, మళ్ళీ కూర్చున్నాడు. "మన చెట్లకి దింపు తీసే మనిషి దొరక్క నేను పది ఊళ్ళకి ఫోన్లు చేస్తున్నాను. నువ్వు ఎదురు డబ్బిచ్చి ఎవళ్ళ చెట్లకో దింపు తీస్తావా?"

"ఆలివ్ చెట్టు ఎక్కక్కర్లేదు నాన్నా. నేల మీద నిలబడే కోసుకోవచ్చు. కింద పట్టాలు పరుస్తారు."

"అంత సుఖమైన పనికి వాళ్ళకి మాత్రం మనుషులు దొరకరా?"

దొరక్క కాదన్నాడు వాడు. చాలా తోటల పక్కనే ఇజ్రాయెల్ వాళ్ళ సెటిల్‌మెంట్లున్నాయి, కోతల కాలంలో గొడవలవుతాయి, చెట్లు నరికేస్తారు, మనుషుల్ని కొడతారు. బయటి దేశాల వాళ్ళు పక్కన నిలబడితే కాస్త వెనక్కి తగ్గుతారని ఏటా పిలుస్తారట.

"అంటే నిన్ను కోతకి పిలవలేదు. కాపలాకి పిలిచారు," అన్నాడు బావ. అది విని మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటిదాకా ఆవిడ దృష్టిలో పాలస్తీనా అంటే క్రిస్మస్ కార్డు మీద గొర్రెపిల్లలు, నక్షత్రం.

ఈలోగా పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, వాలంటీర్ అన్న ఒక్క మాట పట్టుకుంది. మన రాష్ట్రంలో 2019 ఆగస్టు 15 నుంచీ ఆ మాటకి ఒకే అర్థం ఉండేది మరి: యాభై ఇళ్ళకి ఒకరు, నెలకి 5,000, ఒకటో తారీఖున తెల్లారకుండానే గుమ్మంలో పింఛను. "అక్కడా వాలంటీర్లని పెట్టారటండీ? మనవాడికి ఎన్ని ఇళ్ళిచ్చారండీ?" అని అడిగింది. ఆవిడకి సమాధానం చెప్పే ఓపిక ఎవరికీ లేకపోయింది. వాడు పింఛన్లు పంచడానికే వెళ్తున్నాడని పేటంతా తెలిసిపోయింది.

సరే, వెళ్ళడమంటూ జరిగితే ఏ ఊరు? అసలు తగువు అక్కడ మొదలైంది. వాడి దగ్గర కంప్యూటర్లో ఒక పట్టిక ఉంది. అడ్డంగా ఊళ్ళు, నిలువుగా అద్దె, క్లాసు ఫీజు, వాతావరణం, భద్రత. మా అక్క పెళ్ళిసంబంధాలకి కూడా ఇంత పద్ధతిగా పట్టిక వెయ్యలేదు.

వాడి మనసు రమల్లా మీద ఉంది. పాలస్తీనా ప్రభుత్వ కార్యాలయాలు అక్కడే. మన భారత ప్రతినిధి కార్యాలయం కూడా మొదట 1996లో గాజాలో తెరిచి, 2003లో అక్కడికే మార్చారు. పక్కనే బీర్జైట్ విశ్వవిద్యాలయం, విదేశీయులకి అరబ్బీ చెప్పే కోర్సు. కొండ మీద ఊరు, చల్లగాలి, కాఫీ హోటళ్ళు, నెల్సన్ మండేలా విగ్రహం. "అక్కడ ఇంగ్లీషుతో బతికేయచ్చు మావయ్యా" అన్నాడు. ఇంగ్లీషుతో బతకడానికి బెంగళూరు ఉంది కదా, ఇప్పటిదాకా అక్కడే ఉన్నావు కదా అన్నాను. రమల్లా అక్కడితో సగం చచ్చింది.

బేత్లెహేము తరఫున మా పేట పాస్టరు గారు వచ్చారు. ఆయన ప్రభుత్వ సాయంతో యెరూషలేము యాత్ర చేసొచ్చిన మనిషి. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకి ఇచ్చే సాయాన్ని 2019లో 60,000 చేశారు, ఆపై వాళ్ళకి 30,000. యెరూషలేము నుంచి బేత్లెహేము పది కిలోమీటర్లు ఉండదు గానీ మధ్యలో గోడ, సోదా. నేటివిటీ చర్చి ముఖద్వారం నాలుగడుగుల ఎత్తు. గుర్రాలెక్కి లోపలికి రాకుండా అలా కుదించారంటారు. పాస్టరు గారు గుర్రం మీద వెళ్ళలేదు, అయినా నడుం పట్టేసింది. లోపల వెండి నక్షత్రాన్ని ముట్టుకుని, బయట ఆలివ్ చెక్కతో చేసిన ఒంటె కొనుక్కుని, మధ్యాహ్నం భోజనాల వేళకి మళ్ళీ బస్సెక్కేశారు. "పవిత్రమైన ఊరండి. యొర్దాను నది మాత్రం మన పంట కాలవంత కూడా లేదండి, ఆయ్" అని గొంతు తగ్గించి చెప్పారు. గోదావరి జిల్లాల వాళ్ళం ఏ దేశం వెళ్ళినా అక్కడి నదిని కొలిచి, నిట్టూర్చి, తిరిగొస్తాం. లండన్ వెళ్ళినవాళ్ళు థేమ్స్ గురించీ ఇదే చెప్పారు.

బేత్లెహేములో క్రైస్తవులు పెట్టిన విశ్వవిద్యాలయం ఉంది, 1973 నుంచి నడుస్తోంది. పక్కనే బేత్ సహూర్, బేత్ జాలా అని ఊళ్ళున్నాయి, ఇళ్ళల్లో అతిథుల్ని ఉంచుకోవడం అక్కడివాళ్ళకి బాగా అలవాటు. పట్టికలో దీనికి మంచి మార్కులే పడ్డాయి. కాకపోతే యాత్రికులు ఎక్కువ గనక దుకాణదారులు నాలుగు భాషలు మాట్లాడతారని, మనవాడు నోరు తెరిచేలోగా వాళ్ళే ఇంగ్లీషులో బేరం ముగించేస్తారని నా అనుమానం.

యెరికోకి ఓటు వేసింది మా బావ స్నేహితుడు. కొత్తపేట వాస్తవ్యుడు, రావులపాలెం మార్కెట్లో అరటిగెలల వ్యాపారి. యెరికోలో అరటితోటలున్నాయని వాడి పట్టికలో చూసి ఆయన కళ్ళు మెరిశాయి. "ఏ రకం వేస్తారండీ? కర్పూరమా, చక్కెరకేళీనా? గెల ఎంతండీ?" అరటి, ఖర్జూరం, నారింజ. ప్రపంచంలో అతి పాత ఊళ్ళలో ఒకటి. అంతా బాగుందనుకుంటుండగా మేనల్లుడు నోరు జారాడు: ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 250 మీటర్లు దిగువన ఉందని. సభ నిశ్శబ్దమైపోయింది. 1996 నవంబరు తుఫాను చూసినవాళ్ళందరూ అక్కడున్నారు. "మనం సముద్రానికి నాలుగడుగులు పైనుంటేనే మంచాలు తేలాయి. మరి 250 మీటర్ల కింద?" అన్నాడు బావ. అక్కడ వానే పడదని, సముద్రానికీ దానికీ మధ్య కొండలున్నాయని ఎంత చెప్పినా వినలేదు. యెరికో ఆ విధంగా మునిగిపోయింది.

హెబ్రోను గాజు సామానుకీ ద్రాక్షతోటలకీ పేరు. కానీ 1997 ఒప్పందంతో ఊరిని రెండు ముక్కలు చేశారు, ఒక ముక్క ఇజ్రాయెల్ సైన్యం చేతిలో ఉంది. జెనీన్‌లో ఫ్రీడమ్ థియేటర్ అని 2006లో శరణార్థి శిబిరంలో మొదలైన నాటకాల సంస్థ ఉంది. నాటకాలంటే మా మేనల్లుడికి సరదాయే గానీ, జెనీన్ పేరు ఆ ఏడాది వార్తల్లో ఎక్కువగా వినపడుతోంది. ఆ రెండూ మా అక్క కొట్టేసింది.

మా బావకి నమ్మకం కుదరక రాజోలులో ఒక ఏజెంటుని కూడా అడిగొచ్చాడు. ఏజెంటు ముందు "డ్రైవరా, హౌస్ బాయా?" అన్నాడట. చదువుకోవడానికి అంటే అర్థం కాలేదు. "పాలస్తీనాకి మాకు డిమాండ్ లేదండి. జోర్డాన్ అయితే బట్టల ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఇజ్రాయెల్ అయితే ముసలివాళ్ళని చూసుకునే పని, మన తెలుగువాళ్ళు బోలెడుమంది ఉన్నారు, జీతం లక్ష దాటుతుంది. ఆ పక్కకి వెళ్ళేవాడికి ఈ పక్కకి వెళ్తే ఏమండీ?" అన్నాడట. ఆ ప్రాంతపు రాజకీయాన్ని అంత పొట్టిగా చెప్పినవాణ్ణి నేను చూడలేదు.

ఇక మా పిన్ని.

మా అమ్మకి చెల్లెలు, మలికిపురం దగ్గర ఉంటుంది. ఊళ్ళో కువైట్ పిన్ని అంటారు. మేనల్లుడికి అమ్మమ్మ వరస. ఇంటిపని మీద గల్ఫ్ వెళ్ళే ఆడవాళ్ళకి 30 ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వ నిబంధన ఉంది. అందుకే తమ వయసు రెండేళ్ళు ఎక్కువ చెప్పుకునే ఆడవాళ్ళు భూప్రపంచంలో మా వైపే కనిపిస్తారు. మా పిన్ని ఆ నిబంధనల గొడవ ముదరకముందు, 1980ల్లోనే వెళ్ళింది. ఆవిడ దగ్గరికి పట్టిక పట్టుకుని వెళ్ళాం. కొబ్బరాకులు చీరి ఈనెలు తీస్తోంది, చీపుర్లకి. చాకు ఆపకుండానే విచారణ మొదలెట్టింది.

"ఒరే, తెలీక అడుగుతాను. ఒకరింట్లో ఉండి, ఒకరు పెట్టింది తిని, ఒకరి పిల్లల్ని చూసుకుంటా, ఒకరి భాష మాట్లాడతా ఉండడం. అంతేనా?"

"అంతే అమ్మమ్మా. హోమ్‌స్టే అంటారు."

"మేం ఖద్దామా అన్నాం, పనిమనిషి అని. నెలకి ముప్ఫై దినార్లిచ్చేవారు. నువ్వేంటి, నువ్వే ఇస్తున్నావు? గిన్నెలు తోమనన్నావా?"

వాడు నవ్వాడు. పిన్ని నవ్వలేదు.

"ఆ వాలంటీరు అంటే?"

"జీతం లేకుండా పని చేయడం."

"అదీ చేశాన్రా. మొదటి మూడు నెలల జీతం ఏజెంటు మింగేశాడు. మరి నన్ను ఎవరూ వాలంటీరనలేదే!"

తరవాత ఆవిడ నాలుగు ప్రశ్నలు వేసింది. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది? శుక్రవారం సెలవేనా? నీళ్ళు రోజూ వస్తాయా? తలనొప్పొస్తే తెలుగులో ఏడవడానికి ఎవరైనా ఉన్నారా? వాడి పట్టికలో నిలువుగా ఉన్న గళ్ళలో ఈ నాలుగూ లేవు. నీళ్ళ సంగతి మాత్రం వాడికి తెలుసు: అక్కడి ఇళ్ళ మీద నల్లటి ట్యాంకులుంటాయి, వేసవిలో నీళ్ళు రోజుల తరబడి రావు, వచ్చినప్పుడు నింపుకోవాలి. పాస్‌పోర్టు తన దగ్గరే ఉంటుందన్నాడు. "అయితే మంచి ఇల్లే" అంది పిన్ని. ఆవిడ రెండో విడత పనిచేసిన ఇంట్లో పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసుకునేవారు. శుక్రవారం కువైట్ సిటీ మాలియాలో తెలుగువాళ్ళంతా పోగై, ఆవకాయ సీసాలు మార్చుకుని, ఉత్తరాలు చదివించుకునేవాళ్ళని వినడమే తప్ప, వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు. ఇంటిపనివాళ్ళకి వారానికో రోజు సెలవు, రోజుకి 12 గంటలకి మించని పని అంటూ కువైట్ చట్టం చేసింది 2015లో. పిన్ని అప్పటికే వచ్చేసి చీపుర్లు కడుతోంది.

"రెండో విడత" అన్నాను కదా, మొదటి విడత గురించి చెప్పాలి. పిన్ని మొదట పనిచేసింది కువైట్ వాళ్ళ ఇంట్లో కాదు. హవల్లీలో, పాలస్తీనా వాళ్ళ ఇంట్లో. ఆయన ఇంజినీరు, ఆవిడ బళ్ళో లెక్కల టీచరు, సొంతూరు నాబ్లస్. అప్పట్లో కువైట్‌లో పాలస్తీనా వాళ్ళు మూడున్నర లక్షలకి పైనే ఉండేవారు. పంతుళ్ళు, ఇంజినీర్లు, గుమాస్తాలు, డాక్టర్లు. హవల్లీ అంతా వాళ్ళే. ఇదంతా మాకు తెలియదు. పిన్ని ఇన్నాళ్ళూ "మా మామా, మా బాబా" అంటుంటే కువైట్ వాళ్ళే అనుకున్నాం. అక్కడ ఇంటి యజమానురాలిని మామా అని, యజమానిని బాబా అని పిలుస్తారు. అది తెలియక మా పెద్దవాళ్ళు కొందరు పిన్నికి కువైట్‌లో మేనమామ ఉన్నాడని కూడా అనుకునేవారు.

1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లోకి వచ్చిపడింది. ఆ దంపతులు నెల తిరగకుండా కారులో పిల్లల్నీ, పరుపుల్నీ, పిన్నినీ ఎక్కించుకుని బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరారు. అక్కడ మనవాళ్ళు వేలమంది డేరాల్లో ఉన్నారు. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 దాకా ఎయిర్ ఇండియా 488 విమానాలు నడిపి లక్షా 11 వేలమందిని అమ్మాన్ నుంచి బొంబాయి తెచ్చింది. అందులో ఒకరు మా పిన్ని. డేరా దగ్గర దింపేటప్పుడు టీచరు గారు పడమటి వైపు చెయ్యి చూపించి, మా ఊరు ఆ కొండల వెనకే అని చెప్పిందట. అమ్మాన్ నుంచి యెరూషలేము 70 కిలోమీటర్లు, ఇంచుమించు అమలాపురం నుంచి రాజమండ్రి. అంటే మా వంశంలో పాలస్తీనాకి అందరికంటే దగ్గరగా వెళ్ళింది మా పిన్నే. దానికి పట్టిక అక్కర్లేకపోయింది.

యుద్ధం అయ్యాక, సద్దాంని వెనకేసుకొచ్చారన్న కోపంతో కువైట్ పాలస్తీనా వాళ్ళని మళ్ళీ రానివ్వలేదు. పిన్నిని రానిచ్చింది. రెండేళ్ళ తరవాత వెళ్ళి చూస్తే హవల్లీలో ఆ ఫ్లాట్లో ఎవరో ఉన్నారు.

ఇంతకీ దీనివల్ల తేలిందేమిటంటే, మా పిన్ని నోట్లో రెండు అరబ్బీలున్నాయి. యుద్ధానికి ముందుది నాబ్లస్ అరబ్బీ, తరవాతది కువైట్ అరబ్బీ. కువైట్ వాళ్ళింట్లో మొదటి రోజు "బందోరా" ఎక్కడ అని అడిగితే కొత్త మామా తెల్లబోయిందట. కువైట్ వాళ్ళకి టమాటా "తమాట్", బందోరా అనేది పాలస్తీనా మాట. "అప్పట్నుంచీ నోరు మూసుకుని తమాట్ అన్నాను. రెండు కూరలూ ఒకలాగే ఉడికాయనుకో" అంది.

మా మేనల్లుడు అప్పుడు తన ఫోన్లో ఆరు నెలలుగా నేర్చుకుంటున్న అరబ్బీ బయటపెట్టాడు. "ఉరీదు..." అని మొదలెట్టాడు, నాకు కావాలి అని. పిన్ని చాకు ఆపేసింది. "ఎవళ్ళు నేర్పార్రా అది? వార్తలు చదివేవాడు అలా అంటాడు. నువ్వు అన్నం అడుగుతున్నావా, శుభలేఖ చదువుతున్నావా? బిద్ది అను. బిద్ది మయ్యే, బిద్ది ఖుబ్జ్." ఆకలేసినవాడు గ్రాంథికంలో అడగకూడదని గిడుగు వారు నూరేళ్ళ కిందట మనకి చెప్పిన సంగతే, ఈనెల చీపురు కట్టలోంచి మళ్ళీ వినపడింది. పుస్తకాల అరబ్బీ ఒకటి, ఇంట్లో అరబ్బీ ఒకటి. ఫీజులు కట్టించుకునే బళ్ళు ముందు మొదటిది చెప్పి, రెండోది వీధిలో నేర్చుకోమంటాయి. పిన్నికి మొదటిది రానే రాదు. అక్షరాలు కూడా రావు. డబ్బా మీద ఏం రాసుందో చదవలేదు గానీ, డబ్బా మూత ఎందుకు సరిగ్గా పెట్టలేదో అరగంట తిట్టగలదు.

"నాబ్లస్ వెళ్ళరా" అంది చివరికి. కారణాలు చెప్పలేదు. రెండు కొండల మధ్య ఊరని, ఆలివ్ నూనెతో తెల్లటి పలకల్లాంటి సబ్బు చేస్తారని, వేడివేడి జున్ను మీద సన్నటి సేమ్యా పరిచి పాకం పోసే కునాఫా అక్కడిదేనని చెప్పింది. ఇవన్నీ ఆ ఇంట్లో విన్నవే. తను చూసింది లేదు. మేనల్లుడు పట్టిక తిరగేశాడు. నాబ్లస్‌లో అన్నజాహ్ విశ్వవిద్యాలయం ఉంది, విదేశీయులకి అరబ్బీ చెబుతారు. పిల్లలకి ఇంగ్లీషు చెప్పడానికి వచ్చేవాళ్ళని తీసుకునే సంస్థలున్నాయి. ఖర్చు రమల్లా కంటే తక్కువ. పాస్టరు గారు కూడా అది పాత షెకెమేనని తెలిశాక శాంతించారు. అభ్యంతరం చెప్పింది బావ ఒక్కడే. "స్వీట్ల కోసం అంత దూరమెందుకు? ఆత్రేయపురం పక్కనే ఉంది. పూతరేకులకి ఈ ఏడాదే భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు." (వాళ్ళ సబ్బుకి 2024లో యునెస్కో గుర్తింపు వచ్చింది. పేపర్లో చూసి బావకి నేనే చదివి వినిపించాను.)

దసరా వెళ్ళగానే ప్రయాణం అనుకున్నారు. పాలస్తీనాకి సొంత విమానాశ్రయం లేదు. గాజాలో 1998లో ఒకటి తెరిస్తే కొన్నేళ్ళకే మూతపడింది, రన్‌వేని ఇజ్రాయెల్ సైన్యం పెకలించేసింది. టెల్ అవీవ్‌లో దిగాలి, లేదంటే అమ్మాన్ వెళ్ళి యొర్దాను మీద వంతెన దాటాలి. ఎటు వెళ్ళినా లోపలికి రానిచ్చేదీ, మానేదీ ఇజ్రాయెలే. పిన్ని వెళ్ళిన దారినే వెళ్తానని వాడు అమ్మాన్ టిక్కెట్టు చూశాడు. అంతలో అక్టోబరు 7న గాజా యుద్ధం మొదలైంది.

ఆ తరవాత మా ఇంట్లో పాలస్తీనా మీద హాస్యాలాడినవాళ్ళు లేరు. పిన్ని కొన్నాళ్ళు టీవీ ముందు కూర్చుంది. తెలుగు వ్యాఖ్యానం వెనకాల సన్నగా వినపడే ఆడవాళ్ళ ఏడుపులో మాటలు ఆవిడకి అర్థమయ్యేవి, మాకు అయ్యేవి కాదు. ఏమంటోంది అని అడిగితే చెప్పేది కాదు. తరవాత టీవీ మానేసింది. వాళ్ళ ఊరు గాజా కాదు కదా పిన్నీ, అన్నాను. "ఊరేదైతే ఏంట్రా, మామాయే కదా," అంది.

వాడు మాత్రం ఆగలేదు. ఇంటి నుంచే పనిచేసే ఉద్యోగం గనక బెంగళూరు గది ఖాళీ చేసి, మలికిపురంలో పిన్ని ఇంటి మేడ మీద దిగాడు. నెల నెలా ఆవిడ చేతిలో డబ్బు పెడుతున్నాడు. "నాకు ఎదురిచ్చి నా ఇంట్లో ఉన్నవాడివి నువ్వొక్కడివేరా" అని తీసుకుంటోంది. గిన్నెలు కూడా తోమిస్తోంది.

ఒకనాడు పిన్ని మమ్మల్నందర్నీ భోజనానికి పిలిచి మక్లూబా అనే పాలస్తీనా వంట చేసింది. వంకాయల్ని నిలువుగా చెక్కలు కోసి, ఉప్పు రాసి, నీరు పిండి, నూనెలో ఎర్రగా వేయించింది. నాటుకోడి ముక్కలు దాల్చినచెక్క, యాలకులు వేసి విడిగా ఉడికించింది. పెద్ద గిన్నెలో అడుగున వంకాయ చెక్కలు పూలరేకుల్లా పరిచి, పైన కోడి, ఆ పైన నానబెట్టిన బియ్యం, ఆ కోడి ఉడికిన నీళ్ళు. మూత పెట్టి సన్నటి మంట. దించాక మూత తీసి, ఇత్తడి పళ్ళెం దాని మీద బోర్లించి, గుడ్డతో రెండు చేతులా పట్టుకుని ఒక్కసారి తిరగేసింది. ఆ క్షణంలో మేనల్లుడు పెద్దగా "యల్లా" అన్నాడు. గిన్నె మీద చేత్తో నాలుగు దెబ్బలు కొట్టి, కాసేపాగి, ఎత్తింది. అడుగున ఉండాల్సిన వంకాయలన్నీ పైకొచ్చి నల్లగా నిగనిగలాడుతూ కూర్చున్నాయి. ఒక పక్క మాత్రం కొద్దిగా జారింది. "హవల్లీలో మామా చేస్తే జారేది కాదు" అంది పిన్ని. బావ మూడుసార్లు వడ్డించుకుని, అన్నం అడుగంటిపోయిందా అని వాసన చూసి, కారం లేదన్నాడు. ఆవకాయ వేశాక బాగుందన్నాడు. మక్లూబాలో ఆవకాయ కలిపిన మొదటి మనిషి మా బావే అయి ఉంటాడు, ఆ చరిత్ర ఎవరూ రాయరు గనక ఇక్కడ రాస్తున్నాను.

ఊరైతే ఖరారైంది, నాబ్లస్. అందులో మార్పు లేదు. చుట్టూ చెక్‌పోస్టులు, రాత్రిళ్ళు సోదాలు, వీసా ఇస్తారో లేదో తెలియని వంతెన. కాబట్టి తేదీ మా చేతిలో లేదు. వాడి అరబ్బీ మాత్రం బాగా ముదిరింది. దింపు తీసే కుర్రాణ్ణి మొన్న చెట్టు మీద ఉండగా "షూ బిద్దక్?" (నీకేం కావాలి?) అని అడిగాడు. ఆ కుర్రాడికి అర్థమైంది. వాళ్ళమ్మ మస్కట్‌లో ఉంది.

పిన్ని అరుగు మీద రోజూ సాయంత్రం నాలుగింటికి క్లాసు జరుగుతోంది. మా మేనల్లుడు కాక, కువైట్ వీసా కోసం ఎదురుచూస్తున్న ఆడవాళ్ళు ఇద్దరు వస్తున్నారు. వాళ్ళకి ముందు చెప్పే పాఠం వేరు. "వేన్ జవాజీ?" నా పాస్‌పోర్టు ఏది? దాన్ని గట్టిగా, కళ్ళల్లోకి చూస్తూ, నవ్వకుండా అనడం వచ్చేదాకా రెండో పాఠానికి వెళ్ళనివ్వదు. వాలంటీర్లయినా సరే, జీతగాళ్ళయినా సరే, మలికిపురం చుట్టుపక్కల వాళ్ళు ఎవరైనా వచ్చి చేరవచ్చు. ఫీజు లేదు. కూర్చోడానికి పీట ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. దింపు ఉన్న రోజున క్లాసు ఉండదు.